ఐదో వంతు పుష్పకం

నేను ఒక విమానాన్ని. నవ్వకండి. ఏడడుగుల పైచిలుకు రెక్కలు, నాలుగడుగుల ఒళ్లు, ముక్కులో పెట్రోలు తాగే ఇంజను, లోపల ఇద్దరికి సీట్లు, ఆ సీట్లకు బెల్టులు కూడా ఉన్నాయి నాకు. నన్ను బొమ్మ అన్నవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బొమ్మతో పిల్లలు ఆడుకుంటారు, విరిగితే కాసేపు ఏడ్చి ఊరుకుంటారు. నా దగ్గర ఆడుకున్నవాళ్లు పెద్దమనుషులు. వాళ్లాడిన ఆటలో విరిగింది నేనొక్కదాన్నే కాదు. ఆ సంగతి చెప్పుకోవడానికే నోరు విప్పాను.

నా అసలు రూపం పేరు పుష్పక్. అరవై ఏళ్ల కిందట మన దేశంలో ఫ్లయింగ్ క్లబ్బుల్లో కుర్రాళ్లకు విమానం నడపడం నేర్పిన రెండు సీట్ల చిన్న విమానం అది. ఇనప గొట్టాల చట్రం మీద గుడ్డ బిగించి, ఆ గుడ్డకు రంగు పూస్తే విమానమైపోయేది. రామాయణంలో పుష్పకంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండేదట. మా పుష్పక్‌లో లావుపాటి మనిషి ఎక్కితే రెండోవాడు కిందే ఉండిపోవాలి. నేను దానికి సరిగ్గా ఐదో వంతు. నా సీట్లో కూర్చున్నవాడు మైనపు మనిషి, కాబట్టి నాకా బాధ లేదు.

నన్ను కన్నది కలిదిండి గోపాలంరాజు గారనే పళ్ల డాక్టరు. తాడేపల్లిగూడెంలో ఆయన చేతికి నోరు అప్పగించని కుటుంబం లేదు. చదువుకునే రోజుల్లో ఒక ఫ్లయింగ్ క్లబ్బులో ఎవరో దయతలచి ఆయన్ను పుష్పక్ ఎక్కించారు. పైకెళ్లాక కాసేపు దాన్ని నడిపే స్టిక్ చేతికిచ్చారు. ఆ కాసేపటిని ఆయన జీవితమంతా చెప్పుకున్నారు. నోట్లో దూది పెట్టుకుని బదులు చెప్పలేని పేషెంట్లకు మరీ ఎక్కువగా చెప్పేవారు. ఆ విమానం రెక్కలు ఊడదీసి ఏదో షెడ్డులో పడేశారని తెలిసి, టేపు పట్టుకుని వెళ్లి, మట్టిలో పొర్లి, అంగుళం అంగుళం కొలుచుకుని వచ్చారు.

అంత దూరం పరుగెత్తడానికి అసలు కారణం వేరు. ఒకరోజు క్లినిక్‌లో ఆయన కుడిచెయ్యి చిన్నగా అదిరింది. తిరుగుతున్న డ్రిల్లు ఒక ముసలాయన చెంపకు లోపల గీసుకుంది. ముసలాయన నెత్తురు ఉమ్మి, ఏం ఫరవాలేదండి డాక్టరు గారూ అన్నాడు. డాక్టరు గారు మాత్రం డ్రిల్లు ఆపేశారు. విజయవాడలో నరాల డాక్టరుకు చూపించుకుంటే ఆయన అటూ ఇటూ కాకుండా మాట్లాడాడు. వణుకు జబ్బు మొదలై ఉండవచ్చు, కాకపోయి ఉండవచ్చు, కొన్నాళ్లు చూద్దాం అన్నాడు. డాక్టరు గారు ఇంట్లోనే ఉన్న క్లినిక్‌కు పేషెంట్లను రానివ్వడం మానేసి, అందులోనే నన్ను మొదలుపెట్టారు. చేతులు మంచివే అయితే నేను పుడతాను, లేకపోతే పుట్టను. అదీ ఆయన లెక్క.

పుట్టాను. పళ్లు పీకించుకునే కుర్చీలో పడుకుని, ఆ పెద్ద దీపం కింద పుట్టాను. బాల్సా అనే తేలిక కర్రను పళ్లు అరగదీసే మిషనుతో అరగదీశారు. కట్టుడు పళ్లు చేసే ప్లాస్టిక్కుతో నా అద్దాలు పోతపోశారు. మైనంతో పైలట్‌ను చేసి, మూసి ఉన్న వాడి నోట్లో ముప్పైరెండు పళ్లూ చెక్కారంటే ఆయన పిచ్చి ఏపాటిదో మీరే ఊహించుకోండి. నా ఎడమ రెక్క మొదట చేసినది వెంట్రుకవాసి మెలి తిరిగిందని పెరట్లో వేసి తగలబెట్టారు. ఆయన భార్య సుభద్రమ్మ గారు కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయి, "ఏవండీ, బానే ఉంది కదండీ," అంటే, "నీకు బానే ఉంటుంది. నీకు అన్నీ బానే ఉంటాయి," అన్నారు. ఆయన మాట అలాగే ఉండేది. పనిలో ఎంత పదునో నోట్లోనూ అంత పదును.

ఆ నోరే కొంప ముంచింది.

ఊరి పక్కన యుద్ధకాలం నాటి పాత రన్‌వే ఉంది. పొద్దున్న జనం దాని మీద నడుస్తారు, కోతల రోజుల్లో వడ్లు ఆరబోస్తారు. ఆదివారాలు మాత్రం రిమోటుతో ఎగరేసే చిన్న విమానాల పిచ్చివాళ్లు కొందరు పోగవుతారు. వాళ్లలో అందరికంటే బాగా ఎగరేసేవాడు ఆకుల దొరబాబు. నీళ్ల మోటార్లు, పంపుసెట్లు అమ్మే షాపు ఆయనది. థర్మాకోల్‌తో చేసిన నాసిరకం విమానాన్ని కూడా ఆయన గద్దలా తిప్పి, పిల్లిలా దింపేవాడు. మనిషి మర్యాదస్తుడు, అందరికీ పనికొచ్చేవాడు.

ఆ దొరబాబు ఒక వర్షాకాలమంతా కూర్చుని, మొట్టమొదటిసారి కర్రతో ఒక విమానం కట్టుకుని తెచ్చాడు. నేనింకా కర్రముక్కలుగా ఉన్న రోజుల మాట ఇది. తర్వాత నన్ను చూడటానికి క్లినిక్‌కు వచ్చినవాళ్లంతా నవ్వుతూ చెప్పుకుంటుంటే విన్నాను. అందరూ చుట్టూ మూగి చూస్తున్నారట. గోపాలంరాజు గారు జేబులోంచి పళ్లలో గుచ్చి చూసే కొక్కెం తీసి, దాని రెక్క మీద ఇక్కడా అక్కడా గుచ్చి, "ఇది విమానం కాదు దొరబాబూ. ఎగిరే మోటారు పంపు," అన్నారట. జనం పొట్టలు పట్టుకున్నారు. దొరబాబు కూడా నవ్వాడు. ఆ విమానం మళ్లీ రన్‌వే మీదికి రాలేదు. ఆయనకు మాత్రం పంపు దొరబాబు అన్న పేరు స్థిరపడిపోయింది. షాపుకొచ్చే రైతులు అదే అన్నారు, బంధువుల పెళ్లిలో భోజనాల దగ్గర వడ్డించేవాడు కూడా అదే అన్నాడు. డాక్టరు గారికి ఆ పేరు తాను పెట్టిందన్న జ్ఞాపకమే లేదు. మంచి పేరు అనుకుని ఆయనా అలాగే పిలిచేవారు.

ఇక నా సంగతి. నా రెక్కల వెనక అంచున అటొకటి ఇటొకటి కదిలే పలకలు ఉంటాయి. మా వాళ్లు వాటిని చెవులు అంటారు. కుడి చెవి పైకి లేచి ఎడమ చెవి కిందికి వంగితే నేను కుడికి ఒరుగుతాను. రెండోది లేస్తే ఎడమకు. రిమోటులో స్టిక్ కుడికి తోసినప్పుడు ఏ చెవి లేవాలో తేల్చేది ఆ రిమోటు వెనకే ఉన్న గోరంత స్విచ్చి. అది తిరగబడి ఉంటే ఎగరేసేవాడు కుడి అంటే నేను ఎడమ అంటాను. అలా పోయిన విమానాలు బోలెడు.

అందుకే ఆ రన్‌వే మీద ఒక ఆచారం పెట్టుకున్నారు. కొత్త విమానం మొదటిసారి లేచేముందు కట్టినవాడు దానికి వీపు తిప్పి నిలబడాలి. స్టిక్ కదుపుతూ కుడి, ఎడమ అని కేకెయ్యాలి. ఇంకొకరు తోక వెనక నిలబడి, చెవులు చూసి, సరేనో కాదో చెప్పాలి. కట్టినవాడి కళ్లను నమ్మడానికి లేదు, చూడాలనుకున్నదే చూస్తాయని వాళ్ల అనుభవం. ఎప్పుడూ తోక వెనక నిలబడేది దొరబాబే. ఆయన సరే అంటే ఇక తిరుగులేదు.

నన్ను ఎగరేసే ఆదివారం దగ్గరపడింది. డాక్టరు గారు భార్యతో తెగేసి చెప్పారు. "నేను ఎగరేసి, నేనే దింపితే సోమవారం క్లినిక్ తీస్తాను. చెయ్యి తేడా చేసిందంటే ఇక తియ్యను. ఇంకొకళ్ల నోళ్లతో నేను ఆటలాడను." ఆవిడ వెంటనే పనిలోకి దిగింది. క్లినిక్ కడిగించింది, బోర్డు తుడిపించింది, పంటినొప్పని వచ్చినవాళ్లకు సోమవారం రమ్మని చెప్పింది. ఆవిడ నమ్మకం చూస్తుంటే నాకే బెంగ పుట్టింది.

శనివారం సాయంత్రం రెక్కలు బిగించాక క్లినిక్ గదిలో పట్టక నన్ను హాల్లో నేలమీద పెట్టారు. గుమ్మం ఉన్న తీరు వల్ల నా ముక్కు వీధివైపు, తోక ఆయనవైపు. ఆయన తోక వెనక చాపమీద కూర్చుని చెవులు సరిచూసుకున్నారు. ఇక్కడే జరిగింది పొరపాటు. పళ్ల డాక్టరు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు. నలభై ఏళ్లపాటు ఆయన మనుషుల ఎదురుగా నిలబడి పని చేశారు. తన ఎడమచేతి వైపున్నది పేషెంటుకు కుడి దవడ. తన ఎడమవైపు చూస్తూ కుడి అనడం ఆయనకు ఊపిరి తీసినంత అలవాటు. నేను కుర్చీలో ఎదురుగా పడుకున్నన్నాళ్లూ ఆ అలవాటు ఆయనకు మేలే చేసింది. ఆ సాయంత్రం ఆయన నా వెనక ఉన్నారు. స్టిక్ కుడికి తోశారు. తన ఎడమవైపున్న చెవి లేచింది. "కుడి," అన్నారు తృప్తిగా. మళ్లీ తోసి, మళ్లీ అన్నారు. నాకు గొంతుంటే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేదాన్ని. అన్నీ కొలిచి పెట్టిన మహానుభావుడు గొంతు పెట్టలేదు.

అయినా నేను పెద్దగా కంగారుపడలేదు. రేపు దొరబాబు చూస్తాడు కదా అనుకున్నాను.

ఆదివారం పొద్దున్న రన్‌వేకి ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. నన్ను దింపగానే జనం చుట్టుముట్టారు. తలుపు తీసి చూసినవాడొకడు, పైలట్ పళ్లు చూస్తానని ఫోను లైటు వేసినవాడొకడు. సుభద్రమ్మ గారు కారు పక్కన గొడుగు నీడలో నిలబడ్డారు. డాక్టరు గారు దొరబాబును పక్కకు పిలిచి, నా రెక్క దగ్గరే నిలబడి మాట్లాడారు.

"నీకొక్కడికే చెబుతున్నాను. ఇది విమానం పరీక్ష కాదు దొరబాబూ, నా చేతుల పరీక్ష. ఇది సరిగ్గా దిగితే రేపు క్లినిక్ తీస్తున్నాను."

"తీస్తారండి. దానికేముందండి," అన్నాడు దొరబాబు.

"మన పంపు దొరబాబు వెనకాల ఉంటే నాకు భయం లేదులే," అని ఆయన భుజం తట్టి వెళ్లారు.

మిగతావాళ్లు దూరం జరిగారు. డాక్టరు గారు రిమోటు పట్టుకుని నాకు వీపు తిప్పి నిలబడ్డారు. దొరబాబు వచ్చి నా తోక వెనక గొంతుక్కూర్చున్నాడు.

"కుడి," అని కేకేశారు డాక్టరు గారు.

నా ఎడమ చెవి లేచింది. దొరబాబు చూశాడు. చూడలేదేమో, పొరబడ్డాడేమో అని మీరు అనుకోవద్దు. ముందు కళ్లు పెద్దవయ్యాయి. నోరు తెరుచుకుంది. చెయ్యి కూడా సగం లేచింది. తర్వాత ఆ నోరు మెల్లగా మూసుకుంది. ఎండలో తిరిగే మనిషి మొహం కదా, అందులో ఏమీ తెలియదు. కానీ నేను మూరెడు దూరంలో ఉన్నాను. ఆయన లోపల్లోపల నవ్వుకోలేదు, పళ్లు కొరకలేదు. ఊరికే నిర్ణయించుకున్నాడు, అంతే.

"కుడి సరేనండి," అన్నాడు.

"ఎడమ."

"ఎడమా సరేనండి."

ఛీ, మనిషన్నవాడు అంత నెమ్మదిగా అబద్ధమాడతాడని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇంజను పట్టింది. నేను పరుగెత్తాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ పరుగులో నేను అన్నీ మర్చిపోయాను. చక్రాలు నేలను వదిలిన క్షణం ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. తాటిచెట్టంత ఎత్తు లేచానో లేదో ఎడమ పక్కనుంచి గాలి కొట్టింది. కాస్త కుడికి ఒరిగాను. ఏముంది, ఎవరైనా ఎడమకు కాస్త సర్దితే చాలు. డాక్టరు గారు సర్దారు. నేను ఇంకా కుడికి ఒరిగాను. ఆయన ఇంకా తోశారు. నేను ఇంకా ఒరిగాను. నన్ను కాపాడటానికి ఆయన ఎంత తాపత్రయపడితే అంత తొందరగా నన్ను పడేస్తున్నారు. రెక్క నిలువునా అయింది. ఆకాశం పక్కకు వెళ్లిపోయింది. వడ్లలోకి ముక్కు గుచ్చుకుంది.

నా కుడి రెక్క మూడు ముక్కలు. ఇంజను ఊడి అల్లంత దూరాన పడింది. పైలట్ తల ఎక్కడికో దొర్లిపోయింది, ముప్పైరెండు పళ్లతో సహా. వడ్ల రైతు పరుగెత్తుకొచ్చి, "పెట్రోలంటినవి ఎవరు తింటారండి ఇప్పుడు?" అని మొత్తుకున్నాడు. డాక్టరు గారు మెల్లగా నడిచి వచ్చారు. నావైపు చూడలేదు. తన చేతులవైపు చూసుకుంటున్నారు.

"ఎడమకే కదా తోశాను," అన్నారు.

"నేను విమానం వైపు చూస్తన్నానండి. మీ చెయ్యి చూళ్లేదండి," అన్నాడు దొరబాబు. ఆ పొద్దున్న ఆయన చెప్పిన నిజం అదొక్కటే.

గుంపులోంచి ఒకాయన, "చెవులు తిరగబడ్డాయేమోనండి, ఒకసారి రిమోటు చూస్తే..." అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. దొరబాబు రిమోటు వైపు చూశాడు. ఏమంటాడా అని నేను చూస్తుంటే డాక్టరు గారే విరుచుకుపడ్డారు.

"ఏం మాట్లాడుతున్నావయ్యా? తోక వెనక దొరబాబు ఉన్నాడు. అతను చూసి సరే అన్నాక తప్పు విమానంలో ఎందుకుంటుంది?"

ఆ మనిషి వెనక్కి తగ్గాడు. డాక్టరు గారు దొరబాబు రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన గొంతు ఎప్పుడూ లేనంత మెత్తగా ఉంది.

"నేను ఎడమ అనుకున్నాను, చెయ్యి కుడికి పోయిందన్నమాట. నరాల డాక్టరు చెప్పింది ఇదే. నువ్వు చూసి చెప్పావు కాబట్టి సరిపోయింది దొరబాబూ. లేకపోతే నా చేతుల తప్పు విమానం మీదికి తోసేసి, రేపు ఎవడి నోట్లోనో డ్రిల్లు పెట్టేవాణ్ణి. పెద్ద పాపం తప్పించావు."

ఒక్క మాట చాలు అప్పుడు. క్షమించండి అనక్కర్లేదు, ఏడవక్కర్లేదు. స్విచ్చి తిరగబడింది, నాదే పొరపాటు, సరిగ్గా చూడలేదు అంటే చాలు. తిట్లు తిని ఇంటికి పోయేవాడు. దొరబాబు "అవునండి," అన్నాడు. డాక్టరు గారు రిమోటు కూడా ఆయన చేతిలో పెట్టేసి, "నన్నూ దీన్నీ ఇక ఒక దగ్గర ఉంచకు. దీన్ని నువ్వు పట్టుకుపో," అని కారెక్కారు. సుభద్రమ్మ గారు గొడుగు మూయడం మర్చిపోయి అలాగే కార్లో దూరబోయారు.

సోమవారం వచ్చిన పేషెంట్లను వెనక్కి పంపేశారట. కుర్చీ ఎవరో కుర్ర డాక్టరు పట్టుకుపోయాడు. ఇంకో వింత జరిగింది. అంతకుముందు ఎప్పుడో ఒకసారి అదిరిన ఆ చేతులు ఇప్పుడు రోజూ వణకడం మొదలుపెట్టాయి. పోయాయని ఆయన నమ్మేశారు, అవీ నమ్మాయి. సాంబారు గిన్నె ఎత్తడానికి కూడా భార్యను పిలుస్తున్నారని దొరబాబు షాపుకు వచ్చినవాళ్లు చెప్పగా విన్నాను.

నేను ఆ షాపు వెనక గదిలో, పంపుసెట్ల మధ్య పడి ఉండేదాన్ని. దొరబాబు నన్ను మళ్లీ కట్టాడు. ఎంత శ్రద్ధగా కట్టాడని! డాక్టరు గారు తిట్టడానికి ఒక్క సందు లేకుండా కట్టాడు. పని పూర్తయ్యాక రిమోటు తీసుకుని, వెనకనున్న ఆ గోరంత స్విచ్చిని వేలితో ఇటు జరిపాడు. టిక్కుమంది. ఈ లోకంలో నా తరఫున ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం అలా పోయింది. ఆయన స్టూలు మీద కూర్చుని చాలాసేపు మొహం రుద్దుకున్నాడు.

చెప్పేద్దామని ఒకసారి వెళ్లాడు. నన్ను చూపించే మిషతో నన్నూ తీసుకెళ్లాడు. ఇంట్లో ఎవరో చుట్టాలున్నారు. ఆయన చెప్పులు విప్పి, "డాక్టరు గారూ, ఆ రోజు..." అని మొదలుపెట్టాడు. డాక్టరు గారు ఆప్యాయంగా చుట్టాలవైపు తిరిగి, "ఇతనే నేను చెప్పిన పంపు దొరబాబు. ముక్కుసూటి మనిషి," అన్నారు. చుట్టాలు ఆ పేరుకు నవ్వారు. దొరబాబు కూడా నవ్వాడు. కాఫీ తాగి వచ్చేశాడు.

ఇప్పుడు నేను ప్రతి ఆదివారం ఎగురుతున్నాను. ఒక దగ్గర ఉంచొద్దన్న డాక్టరు గారే, నా తప్పేమీ లేదని కళ్లారా చూసుకోవడానికి ఎగరెయ్యమని బతిమాలుతున్నారు. సుభద్రమ్మ గారు ఆయన్ను తీసుకొచ్చి రన్‌వే పక్కన కుర్చీలో కూర్చోబెడతారు. నేను లేచి, తిరిగి, మెత్తగా దిగుతాను. దిగిన ప్రతిసారీ ఆయన తల ఇంకాస్త వంగుతుంది. ఎగరాలని ఎంత ఆశపడ్డానో, ఇప్పుడు ఎగరాలంటే అంత అసహ్యం నాకు.

మొన్న ఆదివారం ఈదురుగాలి. మిగతావాళ్లెవరూ విమానాలు బయటికి తియ్యలేదు. నేను మాత్రం సంబరపడ్డాను. ఇవాళ పడిపోతాను, దొరబాబు చేతిలోనే పడిపోతాను, అప్పుడైనా ఈ ముసలాయనకు విమానాలు వాటంతట అవే పడతాయని తెలుస్తుంది అనుకున్నాను. గాలి నన్ను ఎగదోసింది, పక్కకు విసిరింది. నేను ఒళ్లంతా వదిలేశాను. కానీ నా చెవులు నా మాట వినవు కదా, రిమోటు మాటే వింటాయి. దొరబాబు పెదవి కొరుక్కుంటూ అటు సర్ది, ఇటు సర్ది, నన్ను రన్‌వే మధ్య గీత మీదికి తెచ్చి దింపాడు. చుట్టూ చప్పట్లు మోగాయి.

డాక్టరు గారు చప్పట్లు కొట్టలేదు. చేతులు రెండూ తొడల కింద అణిచిపెట్టుకుని కూర్చున్నారు. "అంత గాలిలో ఎంత బుద్ధిగా దిగిందో చూశావా సుభద్రా," అన్నారు. "దీన్నే నేను పడేశాను."